ఇంట్లో వాడే ఫిట్ కిట్: ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కటాఫ్ చాలదు

పెద్దపేగు క్యాన్సర్‌ను లక్షణాలు రాకముందే పట్టేందుకు ఇంట్లోనే మలం నమూనా తీసి ల్యాబ్‌కు పంపే ఫిట్ కిట్ మంచి సాధనం. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని వెతికే పరీక్ష ఇది. పథ్యం లేదు, పేగు కడిగే మందు లేదు, పని మానుకునే అవసరం లేదు. మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే గుర్తించే యాంటీబాడీ వాడతారు కాబట్టి ముందురోజు ఏం తిన్నా ఫలితం మారదు. మా ఫిర్యాదు కిట్ మీద కాదు, దాని రిపోర్టు చదివే తీరు మీద. ఎంత రక్తం ఉంటే పాజిటివ్ అనాలో చెప్పే హద్దును కటాఫ్ అంటారు, అది ఇద్దరికీ ఒకటే పెట్టడం మీద.

ముందు వాడకం. కిట్‌లో మలం పట్టే కాగితం, ద్రవం ఉన్న చిన్న సీసా, మూతకు అతికిన పుల్ల, లేబుల్, తిరిగి పంపే సంచి ఉంటాయి. పుల్ల చివర సన్నని గాడులుంటాయి. ఎక్కువగా వాడుకలో ఉన్న రకంలో వాటికి పట్టేది సుమారు 10 మిల్లీగ్రాముల మలం, సీసాలో ద్రవం 2 మిల్లీలీటర్లు. ఆ కొలత మీదే లెక్కంతా నడుస్తుంది. అందుకే ఎక్కువ తీస్తే మేలనుకుని ముద్ద కుక్కకూడదు. మలం నీళ్లలో పడకముందే కాగితం మీద పట్టి, పైభాగాన్ని నాలుగైదు చోట్ల అడ్డంగా, నిలువుగా గీకాలి. రక్తం అంతటా సమంగా ఉండదు. ఒక్కచోటే గుచ్చితే తప్పిపోవచ్చు. గాడులు నిండగానే మూత బిగించి, సీసా ఊపి, తేదీ రాయాలి. చాలామంది మరిచేది ఈ తేదీనే. అది లేకపోతే నమూనా ఎంత పాతదో ల్యాబ్‌కు తెలియదు, పరీక్ష చేయకుండానే తిప్పి పంపొచ్చు.

వేడి ఈ పరీక్షకు పెద్ద శత్రువు. హిమోగ్లోబిన్ విరిగిపోతే ఉన్న రక్తం కూడా లేనట్టే కనిపిస్తుంది. ఎండలో నిలిపిన బండిలో సీసా వదిలేయొద్దు. తీసిన రోజే పంపడం ఉత్తమం, లేదంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. నెలసరి రోజుల్లో, ఆగాక మరో మూడు రోజుల వరకు నమూనా తీయకూడదు. మొలల నుంచి గానీ మూత్రంలో గానీ రక్తం పడుతున్నప్పుడూ అంతే.

ఇక అసలు విషయం. 2014లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, గ్రాము మలానికి 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ అనే కటాఫ్ దగ్గర ఒక్కసారి చేసిన ఫిట్ క్యాన్సర్లలో 74 శాతాన్ని పట్టింది. క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఎక్కువున్న గడ్డల్లో మాత్రం 24 శాతాన్నే. ఏటా చేయించుకోవాలనేది ఇందుకే. ఆడవాళ్లలో ఇది ఇంకాస్త వెనకబడుతుంది. మగవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా, సగటున ముందుగా వస్తుంది. ఆడవాళ్లలో కుడివైపు పేగులో గడ్డలు వచ్చే వాటా ఎక్కువ. అక్కడి చదునైన సెరేటెడ్ (సూక్ష్మదర్శినిలో రంపపు పళ్లలా కనిపించే) గడ్డలు రక్తం కార్చడం తక్కువ. కారినా, మలద్వారం చేరే దూరంలో హిమోగ్లోబిన్ కొంత విరిగిపోతుంది. మలంలో కనిపించే రక్తం మోతాదు సగటున ఆడవాళ్లలో తక్కువే. ఇద్దరికీ ఒకే గీత గీస్తే ఆడవాళ్ల క్యాన్సర్లు ఎక్కువగా జారిపోతాయి.

దీన్ని గుర్తించి ఫిన్లాండ్ ఆడవాళ్లకు 25, మగవాళ్లకు 70 మైక్రోగ్రాములు పెట్టింది. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ ప్రాంతం 40, 80 వాడింది. ఇది సరైన దారని మా అభిప్రాయం.

కాబట్టి కొనేటప్పుడు రెండు గీతలు చూపే స్ట్రిప్ కాకుండా, అంకె ఇచ్చే ల్యాబ్ కిట్ తీసుకోండి. స్ట్రిప్ కటాఫ్ కంపెనీని బట్టి మారుతుంది. పాజిటివ్, నెగెటివ్ తప్ప మరేమీ చెప్పదు. రిపోర్టులో నెగెటివ్ అని ఉన్నా అంకె ఎంతో అడగండి. కటాఫ్‌కు కొంచెం కింద ఆగిన అంకె, సున్నా ఒకటి కాదు. ముఖ్యంగా ఆడవాళ్లు ఆ అంకెను దాచుకుని, మరుసటి ఏడాది దానితో పోల్చి డాక్టరుకు చూపించాలి.

పాజిటివ్ వస్తే మళ్లీ ఫిట్ చేయడం తప్పు. గడ్డ రోజూ రక్తం కార్చదు కాబట్టి రెండోసారి నెగెటివ్ వచ్చినా మొదటిది రద్దయిపోదు. కెమెరా ఉన్న గొట్టం (స్కోపు) పంపి పెద్దపేగును లోపలి నుంచి చూసే కొలనోస్కోపీయే చేయించాలి, అదీ నెలల తరబడి వాయిదా వేయకుండా. ఆడవాళ్ల పేగు సగటున పొడవు, మలుపులు ఎక్కువ. గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లలో పేగు అతుక్కుని ఉండొచ్చు. ఆ సంగతి ముందే చెబితే డాక్టరు సన్నని స్కోపు సిద్ధం చేసుకుంటారు. స్కోపు సీకమ్ దాకా, అంటే కుడివైపున పెద్దపేగు మొదలయ్యే చోటి దాకా, వెళ్లిందో లేదో రిపోర్టులో చూసుకోండి. వెళ్లకపోతే కుడివైపు చూడనట్టే.

మలంలో రక్తం కనిపిస్తున్నా, విరేచనం తీరు మారి వారాలు గడిచినా, కారణం తెలియని ఐరన్ లోపం ఉన్నా స్క్రీనింగ్ కిట్ కోసం ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆడవాళ్ల రక్తహీనతను నెలసరి ఖాతాలో వేసి వదిలేయడం మామూలే. నెలసరి ఆగిపోయినవాళ్లలో ఆ ఖాతాయే లేదు, పేగు పరీక్ష చేయాల్సిందే.