కలలో ఎనుము వస్తా ఉంటే ఎవరికి చెప్పుకోవాల? తిరుపతిలో 200 రూపాయల స్వప్నఫలం, నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఒక స్టార్ ఎందుకు కోసినానో మధ్యలో వస్తాది.

రెండేండ్లుగా నాకు ఒకటే కల. స్వర్ణముఖిలో మోకాలి లోతు నీళ్ళలో గుడ్డ కొన పట్టుకోని నిలబడుకోనుంటా, అవతలి కొన కనపడదు, లాగేకొద్దీ గుడ్డ వస్తానే ఉంటాది, నీళ్ళు మెల్లగా నల్లబడతాయి, అప్పుడు ఒక ఎనుము దిగొచ్చి ఆ నల్లనీళ్ళు తాగి నా తట్టు చూస్తాది. అంతే, మెలకువ. టైం చూస్తే నాలుగున్నర. తెల్లారుజామున వచ్చిన కల నిజమైతాదని మా అవ్వ చెప్పిన మాట తలలో ఉంటాది కదా, ఇంక నిద్ర యాడ పడతాది.

మా పాప నర్సింగ్ చదవతా ఉండాది. "రాత్రి గడిచేకొద్దీ రెమ్ నిద్ర ఎక్కువసేపు ఉంటాదిమా, కలలు జాస్తి అప్పుడే, ఆ టైంలో లేస్తే గుర్తుంటాయి, అందుకే తెల్లారుజాము కలకి అంత పేరు" అనింది. సరే, ఎందుకు గుర్తుంటాదో తెలిసింది. ఎనుము ఎందుకొచ్చిందో దాని పుస్తకంలో లేదు.

మొదట ఫోన్లో ఒక యాప్‌లో నిమిషానికి ఇంత అని కట్టి ఒకాయనతో మాట్లాడినా. పేరు ఎందుకులే. ఎనుము అనంగానే యముడి వాహనం అనేసినాడు, ఇంట్లో మగోళ్ళకి గండమంట, 5,116 కడితే శాంతి చేస్తారంట. మా ఆయన ఎదురుగా కూర్చోని మూడో దోసె తింటా ఉండాడు, గండం ఉండే మొహమేనా అది అని నవ్వొచ్చింది, కానీ ఆ పొద్దు ఆయన బండి తీస్తా ఉంటే మాత్రం హెల్మెట్ పెట్టుకోమని రెండుసార్లు చెప్పినా.

మా షాపులో పనిచేసే అక్క ఈ అయ్యవారి సంగతి చెప్పింది. గోవిందరాజస్వామి గుడి వెనకతట్టు సందులో మేడమీద గది, బోర్డు గీర్డు ఏమీ లేదు, సంస్కృతం చెప్పి రిటైరయిన మనిషి. ఏడున్నరకి పోతే నా ముందర ఆరుమంది. ఒకామెకి కలలో పళ్ళు రాలతా ఉన్నాయంట, ఒక పిల్లోడు డిగ్రీ అయిపోయి నాలుగేండ్లయినా రోజూ కలలో లెక్కల పరీక్ష రాస్తా ఉండాడంట, హాల్ టికెట్ మర్చిపోయి. రెండు గంటలు మెట్లమీదే కూర్చున్నాం, ఫ్యాన్ లేదు, తాగను నీళ్ళు లేవు, ఆ స్టార్ అక్కడే పోయింది.

కల అంతా గమ్మున విన్నాడు. తర్వాత ఆయన అడిగింది ఒకటే, "ఎనుమా, దున్నపోతా?"

ఎనుమే అయ్యవారూ, అన్నా. "ఎట్లా తెలుసు?" అన్నాడు. నోట్లోనించి దానంతటదే వచ్చేసింది, దాని కుడి కొమ్ము విరిగిపోయింది, అది మా పక్కింటోళ్ళ ఎనుము, అని. రెండేండ్లుగా చూస్తా ఉన్నా, ఆ కొమ్ము నాకు తట్టనే లేదు.

మాది కాళహస్తి. అప్పుడు చిత్తూరు జిల్లానే, 2022లోనే కదా తిరుపతి జిల్లా అయింది. పక్కింట్లో కలంకారీ పని. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఆరేస్తారు, పాలల్లో ఉండే కొవ్వు వల్ల రంగు గుడ్డమీద ఇంకి పాకకుండా గీత గీతలాగే నిలబడతాది. ఆ పాలు ఇచ్చేది ఈ కొమ్ము విరిగిందే. ఏట్లో నీళ్ళు పారేటప్పుడు గుడ్డలు జాడించను పోతే ఒక కొన నేను పట్టుకోవాల, దానికి నాకు ఒక బెల్లం ముక్క. పదేండ్లుంటాయేమో నాకు. వాళ్ళ తాత చింతబొగ్గుతో రాముణ్ణి గీస్తా ఉంటే తిండి కూడా మర్చిపోయి చూసేదాన్ని, పెద్దయితే నేనూ ఒక రామాయణం గుడ్డ గీస్తా అని అందరికీ చెప్పేదాన్ని. తర్వాత పెండ్లి, తిరుపతి, గాంధీ రోడ్డులో బట్టలషాపు బిల్లింగ్ కౌంటర్. 26 ఏండ్లుగా వేరేవాళ్ళ చీరలకి బిల్లు కొడతా ఉండా.

అయ్యవారు చరక సంహిత తీసినాడు. అది వైద్యం పుస్తకం కదా అనుకున్నా, కానీ దాంట్లో కలలు ఏడు రకాలని రాసుందంట. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేవి, ఒంట్లో వాతపిత్తకఫాలు చెడి వచ్చేవి. వీటిల్లో మొదటి ఐదింటికి ఫలం లేదని అక్కడే రాసుంది, వేలు పెట్టి చూపించినాడు. "నీ కలకి ఫలం ఏమీ లేదమ్మా. పో, నిశ్చింతగా ఉండు" అన్నాడు.

నిజం చెప్తున్నా, నాకు కోపమొచ్చింది. రెండు గంటలు మెట్లమీద కూర్చోని, షాపులో పర్మిషన్ పెట్టి, 200 ఇచ్చి, ఫలం లేదని చెప్పించుకోవాల్నా? నా మొహం చూసి ఆయనే మళ్ళా అన్నాడు, "ఇది మూడోదో నాలుగోదో నాకు తెలియదు. అనుభవించిందైతే పాత జ్ఞాపకం, వదిలెయ్. కోరుకున్నదైతే, నీకు వారానికి సెలవు ఏ రోజు?" మంగళవారం, అన్నా. "కాళహస్తికి బస్సు ఎంతసేపు?" అన్నాడు. గంట పైన పడతాది. "మరి ఇంకేం, లేయ్, బయట జనం ఉండారు" అని పంపించేసినాడు. తాయెత్తు లేదు, శాంతి లేదు, రాయి లేదు ఉంగరం లేదు. ఆ పళ్ళ ఆమెని మాత్రం ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడంట, కిందికొచ్చి ఆమే చెప్పింది.

ఐదు నెలలయింది. మంగళవారాలు కాళహస్తి పోతా ఉండా, ఒక ఇంట్లో నేర్పిస్తారు. వెదురుపుల్ల కొన చెక్కి, పైన ఉన్ని చుట్టి దారంతో కట్టి కలం చేసుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది, ఉన్నిని ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతాదో చేతికి తెలియాల, లేకుంటే సీతమ్మ కంట్లోనించి పెద్ద మచ్చ కారిపోతాది, కారింది కూడా. నల్లరంగుకి తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి రెండుమూడు వారాలు పులియబెడతారు, కసిమి అంటారు. నేను ఆత్రంగా ముందే తీసేస్తే బూడిదరంగొచ్చింది. కరక్కాయ పట్టిన గుడ్డమీద బాగా పులిసిన కసిమి పడంగానే గీత కండ్లముందరే నల్లగా తిరుగుతాది, అది చూసినప్పుడల్లా ఆ కలలో నీళ్ళే గుర్తొస్తాయి.

రామాయణం గుడ్డ ఇంకా దూరం. గళ్ళు మాత్రం పెన్సిల్‌తో నోట్‌బుక్కులో వేసుకున్నా, సుందరకాండలో త్రిజట కల చెప్పే గడి ఒకటి పెద్దగా పెట్టినా, కింద తెలుగులో పేరు రాయాల. కల ఇంకా వస్తా ఉండాదా అంటే, వస్తా ఉండాది. ఎనుము కూడా.

పోవాలనుకునేవాళ్ళకి: ఆదివారం అయ్యవారు ఉండడు. నీళ్ళ బాటిల్ తీసుకోండి. ఫోన్‌పే లేదు, 500 నోటిస్తే చిల్లరకి మిమ్మల్నే కిందికి దించుతాడు.