గట్టు మీంచే గాలం: సీతానగరం నుంచి నాగాయలంక దాకా

మా అక్క కొడుకు గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన శ్రావణంలో ఓ ఆదివారం విజయవాడ పటమటలో మా ఇంటికొచ్చి, "మావయ్యా, బాస్ చేప పట్టడం నేర్చుకుందాం, పడవ అక్కర్లేదు, గట్టు మీంచే పట్టొచ్చు" అన్నాడు. వాడు ఫోన్లో చూపించినవన్నీ అమెరికా వాళ్ళ వీడియోలు. చెరువు గట్టున నిలబడి రబ్బరు కప్పని ఆకుల మీద లాగుతుంటే, కింద నుంచి ఇంత నోరేసుకుని చేప ఎగిరి మింగుతోంది. ఆ చేప మన కృష్ణలో లేదు, దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అయితే అచ్చం దానిలాగే నాచు కింద మాటేసి, కప్ప కదిలితే దూకే చేప మనకీ ఉంది. అది కొర్రమీను. పేరులో కూడా బాస్ ఉండాలంటే పండుగప్ప ఉంది, దాన్ని ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అంటారు. దానికోసం దివిసీమ దిగాలి. అలా శ్రావణంలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా ఇద్దరం తిరిగాం. కొత్తగా గాలం పట్టేవాళ్ళు ఎక్కడ మొదలుపెడితే బాగుంటుందో, ఎక్కడ డబ్బు దండగో తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు సామాను. వన్‌టౌన్‌లో వలలు, తాళ్ళు అమ్మే చిన్న కొట్టులో ఏడడుగుల రెండు ముక్కల రాడ్డు, 3000 సైజు రీలు, అల్లిక దారం, రెండు రబ్బరు కప్పలు, నాలుగు రకాల గాలాలు, కాసిని సీసం గుళ్ళు తీసుకున్నాం. అన్నీ కలిపి 3,400 రూపాయలైంది. అంతకంటే ఖరీదైనవి మొదట్లో వద్దని కొట్టాయనే చెప్పాడు. గాలానికి దారం ముడి వెయ్యడం కూడా కౌంటరు మీదే నేర్పించాడు. బిగించే ముందు ముడిని నోట్లో పెట్టి తడపమన్నాడు. పొడిగా లాగితే రాపిడికి దారం కాలి, చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుందట. ఈ ఆరు నెలల్లో మాకు ముడి దగ్గర తెగింది ఒక్కసారే, అదీ తొందరలో తడపనప్పుడు.

మొదటి నాలుగు ఆదివారాలూ సీతానగరం ఒడ్డునే గడిపాం. బ్యారేజీ దాటగానే కుడివైపు వస్తుంది. తెల్లవారుజామున 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ వరసంతా కనపడుతూ, వెనక ఇంద్రకీలాద్రి మీద లైట్లు ఆరిపోతూ ఉండే వేళ అక్కడ నిలబడటమే ఒక భాగ్యం. 1957లో కట్టిన ఈ బ్యారేజీ నీళ్ళని ఆపడం వల్ల పైభాగంలో నది చెరువులా నిలిచి ఉంటుంది. గాలం విసరడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. టీ దొరుకుతుంది, ఇడ్లీ దొరుకుతుంది, ఎండెక్కితే పావుగంటలో ఇంటికెళ్ళొచ్చు. చేపల సంగతికొస్తే మాత్రం పరిగెలు, జెల్లలు, అప్పుడప్పుడూ ఒక తిలాపియా. అవైనా రబ్బరు కప్పకి పడవు, వానపాముకో మైదాపిండి ఉండకో పడతాయి. అడుగున రాళ్ళు, వదిలేసిన గుడ్డలు ఉండటంతో ఆరు గాలాలు పోగొట్టుకున్నాం. పైన వరదొచ్చి నీళ్ళు ఎర్రగా మారిన వారం అసలు వెళ్ళకపోవడమే మంచిది. బ్యారేజీ దిగువన గుంటల్లో పెద్ద చేపలుంటాయని ఎవరెవరో చెబుతారు. దిగొద్దు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలిన బ్యారేజీ అది. గేటు ఎత్తాక ఆ రాళ్ళ మీంచి పైకి రావడానికి టైముండదు.

అవతల భవానీపురం ఒడ్డున బెర్మ్ పార్కులో టూరిజం వాళ్ళ గదులున్నాయి. బయటూరి నుంచి ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్ళకి నది పక్కనే నిద్రలేవడానికి అది బాగుంటుంది. పడవలు వచ్చిపోయే చోటు కాబట్టి గాలానికి పనికిరాదు. ఘాట్ల మీద స్నానాలు చేసేవాళ్ళుండగా గాలం విసరడం నా దృష్టిలో తప్పు. కార్తీకమాసంలో ఆ చుట్టుపక్కలకే పోలేదు.

మాకు అసలు చదువు చెప్పింది దుగ్గిరాల దగ్గర ఒక మురుగు కాలవ. తాడేపల్లి మీదుగా బండి మీద ముప్పావుగంట పట్టింది. ముందు లాకుల దగ్గర పెద్ద కాలవలో వేశాం. సాగునీరు వదిలిన రోజులు, ప్రవాహం గట్టిగా ఉంది, కప్ప నీళ్ళ మీద ఆగడమే లేదు. పసుపు చేలోకి వెళ్తున్న ఒక పెద్దాయన సైకిలాపి చూశాడు. "అబ్బాయ్, పారే నీళ్ళలో కొర్రమీను ఎందుకుంటది? ఆ వెనక మురుగు కాలవకి పోండి, గుర్రపుడెక్క ఉన్న చోట" అన్నాడు. మాతోపాటు వచ్చి గంటసేపు నిలబడ్డాడు కూడా. ఆ గంటలో ఆయన చెప్పినవి వీడియోల్లో వందసార్లు చూసినవే, కానీ చెవికెక్కింది అప్పుడే.

మొదటి మాట నీడ గురించి. పొద్దు వీపు వెనక ఉంటే మన నీడ నీళ్ళలో పడుతుంది, మనకంటే ముందు అదే చేపకి కనపడుతుంది. రెండోది అడుగుల గురించి. ఎండిన గట్టు మీద చెప్పులతో టపటపా నడిస్తే ఆ అదురు నీళ్ళలోకి పోతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మేమిద్దరం అవతలి గట్టుకి తగిలేలా దూరం విసురుతున్నాం. ఆయన నవ్వి, "చేప నీ కాళ్ళ దగ్గరే ఉంటే ఆ దరికెందుకు వేస్తావు? గట్టు వెంబడే వెయ్యి" అన్నాడు. కప్పలు, పురుగులు, చిన్న చేపలు ఉండేది అంచునే కాబట్టి, వేటాడే చేప కూడా అంచునే కాపేస్తుంది. గట్టుకి సమాంతరంగా వేసి లాగితే కప్ప దారి పొడుగునా చేప ముందే ఉంటుంది. అడ్డంగా వేస్తే మొదటి రెండడుగులూ చివరి రెండడుగులే పనికొస్తాయి. పడవ లేనివాడికి ఇది లోటు కాదు, వాటమే.

కొర్రమీనుకి మొప్పలతో సరిపోదు. ఉండుండి పైకొచ్చి గాలి మింగి పోవాలి. ఆకుల మధ్య ఒక్క క్షణం ముక్కు కనపడి, 'గుళుక్' మని చిన్న చప్పుడై, రెండు బుడగలు మిగులుతాయి. ఆ బుడగల మీద వెయ్యకూడదు, మూడు నాలుగడుగులు దాటించి వేసి అటుగా లాక్కురావాలి. మావాడు అలాగే లాగుతున్నాడు. కప్ప గుర్రపుడెక్క అంచు దాటి ఖాళీ నీళ్ళలోకి జారిందో లేదో, నీళ్ళు ఉబ్బి పేలినట్టయింది. వాడు అదిరిపడి అప్పుడే గుంజాడు. కప్ప ఉత్తదే ఎగిరొచ్చి మా వెనక చేలో పడింది. "నోట్లోకి తీసుకుని కిందకి పోనివ్వాలి, అబ్బాయ్. ఒకటి, రెండు అనుకుని అప్పుడు గుంజు" అన్నాడు పెద్దాయన. మూడోసారికి పడింది, కిలోకి కొంచెం తక్కువ. పాము తలలాంటి తల, నల్లటి వీపు, పక్కల పొట్ట దాకా దిగిన చారలు, చేతిలో నిలవనివ్వని జిగురు. తడి తువ్వాలు మీద పడుకోబెడితే తాపీగా నోరు తెరిచి మూస్తూ మావంక చూసింది. మావాడి చేతులు వణకడం ఆగలేదు.

ఆ పక్కనే నేను చూసిన ఇంకోటి చెప్పాలి. భాద్రపదం అది. నీళ్ళ మీద ఒకచోట చినుకులు పడుతున్నట్టు సన్నగా కదులుతోంది. వంగి చూస్తే ఎర్రటి పిల్లలు, అగ్గిపుల్ల అంతవి, వందల కొద్దీ ముద్దగా తిరుగుతున్నాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ ముద్దలో కప్ప పడిందంటే తల్లి కచ్చితంగా దూకుతుంది, ఆకలికి కాదు, పిల్లలకోసం. అందుకే చాలామంది ఏరికోరి అక్కడే వేస్తారు. తల్లి పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు ఊడ్చేస్తాయి. కొత్తవాళ్ళకి ఇది అన్నిటికంటే సులువైన చేప, దయచేసి ఆ ఒక్కదాన్ని వదిలేయండి. అలాగే పంచాయతీ చెరువులైతే సాధారణంగా పాటకో, మత్స్యకార సంఘానికో ఇచ్చి ఉంటాయి. అడగకుండా గాలం వేస్తే వాళ్ళ కూటిలో చెయ్యి పెట్టినట్టే.

ఆ కాలవ దగ్గరే మా వాడి గాలం నా బొటనవేలికి దిగింది. గాలం మొనకి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు వల్ల అది లోపలికి పోవడమే గానీ బయటికి రాదు. దగ్గరి ఊళ్ళో ఒక క్లినిక్కులో మత్తిచ్చి తీసి, ధనుర్వాతం ఇంజెక్షన్ చేసి పంపారు. ఆ సాయంత్రమే ఉన్న గాలాలన్నిటికీ ఆ ముల్లు పట్టకారుతో నొక్కేశాం. దానివల్ల రెండు చేపలు జారిపోయి ఉండొచ్చు, వదలాలనుకున్న చేప నోరు చిరక్కుండా కూడా ఊడివచ్చింది. కార్తీకం రాగానే మా అక్క, "నెల రోజులు నా వంటింట్లోకి చేప రాకూడదు" అని తేల్చేసింది. మావాడు ఆగుతాడా? నెలంతా పట్టినవి పట్టినట్టే వదిలాం. ఎలా వదలాలో తెలిసింది ఆ నెలలోనే. తడి చేతులతో పట్టుకోవాలి, ఇసకలో పడెయ్యకూడదు, నీళ్ళలో నిలబెట్టి అదే తోకాడించి పోయేదాకా పట్టుకోవాలి.

డిసెంబరులో డబ్బు కట్టి గాలం వేసుకునే ప్రైవేటు చెరువు ఒకటి చూశాం, కంకిపాడు దాటాక. రాడ్డుకి 600 రూపాయలు, పూటకి. బొచ్చెలు, శీలావతులు నిండా ఉన్నాయన్నారు. గట్టున ఒక్క చెట్టు లేదు, పందిరి లేదు. మధ్యాహ్నం దాకా ఒక్కటీ అంటలేదు. పక్కన కూర్చున్న కుర్రాడు చెప్పాడు, రెండ్రోజుల కిందటే వల లాగేశారని. ఆ మాట డబ్బు తీసుకునే ముందు చెప్పాల్సింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి అలాంటి చోట్లు భద్రమే, కానీ వెళ్ళేముందు వల ఎప్పుడు లాగారని ఫోన్లోనే అడగండి.

పండుగప్ప కోసం భోగికి రెండ్రోజుల ముందు బయల్దేరాం. నెహ్రూ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాం. రాడ్డు రెండు ముక్కలూ లుంగీలో చుట్టి పైన పెడితే కండక్టరు ఏమీ అనలేదు. అవనిగడ్డలో ఒక పాత లాడ్జిలో 1,200కి గది దొరికింది. వేడినీళ్ళు లేవు, కానీ పక్కదుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లారి మూడున్నరకి తలుపు తట్టి లేపమంటే లేపారు. గాలం వేసేవాడికి కావాల్సిన సర్వీసు అదే. అక్కడ నుంచి నాగాయలంకకి ఆటో. ఈసారి వెళ్తే నాగాయలంకలోనే ఎవరింట్లోనైనా ఓ గది అడుగుతాను, ఎందుకంటే అక్కడ పని మన టైముకి కాదు, పోటు టైముకి.

సముద్రపు పోటు నది లోపలికి ఎక్కుతుంది, తర్వాత లాగేస్తుంది. రోజుకి రెండుసార్లు. రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇది తెలీక మొదటి పూటంతా నిండు పోటులో వేసి ఊరికే కూర్చున్నాం. సాయంత్రం రొయ్యల చెరువు కాపలాదారుని అడిగితే, నీరు లాగడం మొదలయ్యాక చెరువుల తూములు నదిలో కలిసే మూలకి రమ్మన్నాడు. తూములోంచి నీళ్ళతోపాటు చిన్న రొయ్యలు, పిల్ల చేపలు కొట్టుకొస్తాయి. పండుగప్ప ఆ ప్రవాహంలో ఉండదు, దాని పక్కన నీరు నిలిచిన చోట తల ప్రవాహం వైపు పెట్టి కాచుకుంటుంది. దుగ్గిరాల పెద్దాయన చెప్పిన అంచు పాఠమే, ఇక్కడ అంచు రెండు నీళ్ళ మధ్య ఉంది. యజమానికి ఫోన్ చేసి అడిగి నిలబడ్డాం. దిగువన మడ అడవి కృష్ణా అభయారణ్యం, బావురుపిల్లి తిరిగే చోటు. అటువైపు గాలంతో పోకూడదు, పోలేదు.

బతికిన రొయ్యని తోక దగ్గర గుచ్చి తూము పక్కకి జారవిడిచాం. చీకటి పడుతుండగా మావాడి దారం ఒక్కసారి పక్కకి పరిగెత్తింది. ఈసారి వాడు తొందరపడలేదు. చేప నీళ్ళ మీదికి నిలువునా లేచి తల విదిలించింది, రాడ్డు కిందకి దించమని నేను అరిచాను, దించాడు. పది నిమిషాలకి గట్టుకొచ్చింది, కిలోన్నర ఉంటుందేమో. టార్చి వేస్తే కన్ను నిప్పు కణికలా ఎర్రగా మెరిసింది. వెండి పొలుసుల మీద వీపు దగ్గర కంచు రంగు. మొప్పల డిప్ప అంచు బ్లేడులా ఉంటుంది, అందులో వేలు పెట్టకుండా కింది పెదవి పట్టమని కాపలాదారు ముందే చెప్పాడు. పండుగప్ప మొదట మగది, బాగా పెరిగాక ఆడదిగా మారి, గుడ్లు పెట్టడానికి సముద్రపు మొగకి దిగుతుంది. అంటే మా చేతిలోది మగదే అయ్యుండాలి. పెద్దది పడితే వదిలేద్దామని వాడే అన్నాడు. ఇది మాత్రం కాపలాదారు ఇంట్లో పులుసైంది. ఆయన భార్య చింతపండు తక్కువేసి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసింది. మాకు ముక్కలు పెట్టి తల మాత్రం వాళ్ళ అత్తగారికి దాచింది.

నిన్న రాత్రి గుంటూరు నుంచి ఫోన్. "మావయ్యా, అమావాస్య ఏ రోజు పడిందో క్యాలెండర్ చూడు, ఆ రెండ్రోజులూ పోటు పెద్దదట" అన్నాడు. శనివారం పడింది. రాడ్డు లుంగీలో చుట్టేశాను.