కాటా కంప్యూటర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్: చాన్నాళ్లు వాడాక

విండోస్ సెక్యూరిటీలో నాకు గట్టిగా నచ్చింది ఈ ఒక్క స్విచ్. 2017లో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్‌తో వచ్చింది. ముక్కూమొహం తెలియని ప్రోగ్రామ్ ఏదైనా డాక్యుమెంట్స్‌లోని లెక్కల మీద చెయ్యి వేయబోతే రాయనివ్వదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ భయం ఉన్నచోట ఇంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా మనం రోజూ వాడే ప్రోగ్రామ్‌ను కూడా ఒక్కోసారి అనుమానించడమే. భీమవరం దగ్గర ఒక మిల్లులో దాళ్వా ధాన్యం లారీలు బారులు తీరి ఉండగా కాటా సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. లోగో ఇలా మెరిసి అలా పోయి, 'ఫైల్ కనబడలేదు' అని ఒక పెట్టె. ఫైల్ ఎక్కడికీ పోలేదు. తెరుచుకుంటూనే ఆ ప్రోగ్రామ్ డాక్యుమెంట్స్‌లో చిన్న లాక్ ఫైల్ రాసుకుంటుంది. అది కుదరకపోతే అసలు కారణం చెప్పడం దానికి చేతకాదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు, పైగా పాత డేటాకే ఎసరు. యాంటీవైరస్ మొత్తం ఆపేయమనే సలహా అంతకన్నా ఘోరం.

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌కి వెళ్లి, అడుగున ఉన్న మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ తెరవండి. ముందు బ్లాక్ హిస్టరీ చూడాలి. ఏ ఎక్స్ఈ (ప్రోగ్రామ్‌ను నడిపే ఫైల్) ఏ ఫోల్డర్ దగ్గర ఆగిందో అక్కడే ఉంటుంది. మీ ప్రోగ్రామ్ పేరు లేకపోతే తగాదా వేరేచోట ఉన్నట్టు. ఉంటే 'అలౌ యాన్ యాప్'లోకి వెళ్లి, 'రీసెంట్లీ బ్లాక్డ్ యాప్స్' జాబితాలో దాని పక్కనున్న ప్లస్ నొక్కితే సరి. అడ్మిన్ పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి తెరవాలి. వెనకాల సర్వీసుగా నడిచేదైతే, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా అనుమతి అందదు.

అనుమతిచ్చాక ఇక చూసుకోనక్కర్లేదా అంటే, అలా కూడా కాదు. ఆ అనుమతి ఎక్స్ఈ ఉన్న చోటుకే చెల్లుతుంది. అప్‌డేట్ వచ్చి కొత్త వెర్షన్ పేరుతో వేరే ఫోల్డర్‌లో కూర్చుంటే కథ మళ్లీ మొదటికే. డీ డ్రైవ్‌లో డేటా పెట్టుకునేవాళ్లు ఆ ఫోల్డర్‌ను ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్‌లో తామే చేర్చాలి, లేకపోతే దానికి కాపలా లేనట్టే. వేరే కంపెనీ యాంటీవైరస్ వేస్తే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, దాంతోపాటు ఇదీ ఆగిపోతుంది. రాయడాన్నే ఆపుతుంది కానీ ఫైళ్లు చదివి ఎత్తుకుపోయేవాటిని ఆపదు.

ఒకే సాఫ్ట్‌వేర్ నడిచే కాటా గదిలో నేనైతే దీన్ని ఆఫ్ చేయను. రోజుకో కొత్త టూల్ వేసే డీటీపీ షాపుకి మాత్రం గట్టిగా చెప్పలేను. అక్కడ సాయంత్రం విడి హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, కేబుల్ పీకి పక్కన పెట్టడమే ముందు చూసుకోవాలి.