ఎండల్లో కారు కొన్నాం, షోరూం గురించి నాలుగు ముక్కలు

ఈ ఎండాకాలం మాకు ఊపిరాడలేదు, ఇంటినిండా చుట్టాలు, పొద్దున్నే కాలనీ వాళ్ళతో కలిసి చలివేంద్రంలో కుండలు నింపడం, మజ్జిగ పంచడం, అదీ బెజవాడ ఎండలో, మధ్యలో ఈ కారు గోల ఒకటి. చివరికి వ్యాగన్ ఆర్ పెట్రోల్ తీసుకున్నాం. సీఎన్జీ అనుకున్నాం గానీ దాని డిక్కీలో సిలిండరే కూర్చుంటుంది, దీంట్లో 341 లీటర్ల డిక్కీ, అత్తయ్యగారి ఆవకాయ జాడీలు, పిల్లల బ్యాగులు అన్నీ పట్టేశాయి.

సేల్స్ అబ్బాయి బంగారం, టెస్ట్ డ్రైవ్‌కి బండి ఇంటికే తెచ్చాడు, మామయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి ఏసీ పెంచి మరీ తిప్పాడు. చిక్కంతా బిల్లింగ్ దగ్గరే. కొటేషన్‌లో లేని హ్యాండ్లింగ్ ఛార్జీలు చివర్లో వచ్చి చేరాయి, పైగా ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలన్నారు. అలాంటి రూలేం లేదండీ, కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి చేయించేది, 3 ఏళ్ళకి తప్పనిసరి అంతే, ఎక్కడ తీసుకుంటామన్నది మన ఇష్టం, గట్టిగా అడిగితే అప్పుడు రెండూ తగ్గాయి. డెలివరీ రోజు మూడు గంటలు కూర్చోబెట్టారు, చలివేంద్రంలో నా వంతు పక్కింటాయన చేశాడు పాపం.

వెళ్తే మాత్రం ఆన్ రోడ్ రేటు, అంటే ట్యాక్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన మొత్తం, ముందే కాగితం మీద రాయించుకోండి. కారుకి ఐదుకి నాలుగున్నర, షోరూంకి మూడు, అదీ ఆ అబ్బాయి మొహం చూసి.