మిద్దె మీద కూల్ రూఫ్ పెయింటు: ఏడాది వాడాక

ఎండలు మొదలయ్యాయి, మళ్ళీ అందరూ అదే అడుగుతున్నారు, "మీ మిద్దె మీద తెల్ల పెయింటు వేశారే, పనిచేసిందా, ఎంతయింది" అని. పోయిన ఎండాకాలం వేశాం. మే నెల ఎండలూ చూసింది, నవంబర్ వానలూ చూసింది, కాబట్టి ఇప్పుడు చెప్తే దానికో అర్థం ఉంటుంది. వేసిన మర్నాడే ఫొటో పెట్టి ఐదు స్టార్లు ఇచ్చే రివ్యూలను నమ్మి మాత్రం ఇలాంటివి కొనకండి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో కొన్ని తిట్లు కూడా ఉన్నాయి, పైగా పేరున్న కంపెనీలన్నీ ఇప్పుడు ఈ రకం పెయింటు అమ్ముతున్నాయి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నెల్లూరులో వేదాయపాళెం వైపు ఇల్లు, 12 అంకణాల స్లాబు, అంటే 864 చదరపు అడుగులు, పైన ఇంకో అంతస్తు లేదు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పార్ట్ టైం చెప్తాను. పార్ట్ టైం అంటే గంటకింత అని లెక్క, సెలవుల్లో పైసా రాదు, అందుకని ఏప్రిల్, మే నెలల్లో ఈఏపీసెట్ క్రాష్ కోర్సు, ఇంటర్ సప్లిమెంటరీ బ్యాచ్, ఏది ఇస్తే అది ఒప్పుకోవాల్సిందే. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం నాలుగున్నరకి ఇంకోటి. మా ఆయనది కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు డ్యూటీ, ఏ వారం పగలో ఏ వారం రాత్రో. పిల్లలిద్దరూ సెలవులకి ఇంట్లోనే, కావలి నుంచి మా ఆడబిడ్డ తన పిల్లలతో వచ్చి పది రోజులుంటుంది, అత్తయ్యకి మాగాయ ముక్కలు, మినప వడియాలు, ఊర మిరపకాయలు అన్నీ ఆ నెలలోనే పెట్టాలి. అవన్నీ ఎండేది ఎక్కడ? అదే మిద్దె మీద. షాపతను మాత్రం బిల్లు రాస్తూ "ఎండాకాలం మీకు సెలవులేగా మేడమ్, ఒక్క ఆదివారంలో మీరే వేసేసుకోవచ్చు" అన్నాడు. బకెట్ మీద కూడా దాదాపు అదే మాట రాసుంది.

ఎందుకు వేయాల్సి వచ్చిందంటే, రాత్రి పదైనా ఇంట్లో ఉండలేకపోతున్నాం. మైపాడు బీచ్ ఇక్కడికి గంట దూరం కూడా లేదు, కానీ మే నెలలో పడమటి గాలి తిరిగిందంటే సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వదు, 42, 43 డిగ్రీలు మామూలే. దానికి తోడు స్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రి మన నెత్తిన కక్కుతుంది. కాంక్రీటు మందంగా ఉంటుంది కాబట్టి వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే ఎండ పోయాక, మనం పడుకునే టైంకి గది ఉడుకుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలినే తిప్పి మన మీదికి కొడుతుంది. అటక మీద నుంచి ఏదన్నా తీసేటప్పుడు పైకప్పుకి చెయ్యి తగిలితే చురుక్కుమనేది.

ఈ పెయింటు చేసే పని రెండు రకాలు. మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొట్టేయడం ఒకటి, లోపలికి పోయిన కాస్త వేడిని త్వరగా బయటికి వదిలేయడం ఇంకోటి. రెండూ ఉండాలి. అల్యూమినియం రంగు మెరుస్తుంది, ఎండని తిప్పి కొడుతుంది, కానీ పట్టుకున్న వేడిని సరిగా వదలదు, అందుకే చెయ్యి పెడితే కాలుతుంది. ఈ రెండు గుణాలూ కలిపి ఎస్ఆర్ఐ అని ఒక నంబరు ఇస్తారు, నల్లటి దానికి సున్నా, ప్రామాణిక తెలుపుకి 100. మీరు కొనేటప్పుడు చూడాల్సింది ఈ నంబరే, "సూపర్", "అల్ట్రా" అనే మాటలు కాదు. ఆ నంబరు రాసి లేకపోతే ఆ బకెట్ పక్కన పెట్టేయండి. అహ్మదాబాద్‌లో 2017 నుంచి పేదల ఇళ్ళ పైకప్పులకి తెల్ల రంగు వేసే కార్యక్రమం నడుస్తోంది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, కాబట్టి ఇదేమీ కొత్త మాయ కాదు. అత్తయ్య అయితే ఇంకో అడుగు వెనక్కి పోయి, "దీనికి ఇన్ని వేలెందుకమ్మా, సున్నం కొట్టిస్తే పోయేదానికి" అంది. ఆ మాటలో నిజం ఉంది. సున్నం కూడా ఎండని బాగానే తిప్పి కొడుతుంది, ఖర్చు చాలా తక్కువ. కాకపోతే నడిస్తే కాళ్ళకి అంటుతుంది, రెండు పెద్ద వానలకి సగం కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. ఏటా వేయించే ఓపిక ఉంటే సున్నమే వేయండి, నేనేమీ అడ్డు చెప్పను.

ఇక అసలు సంగతి, వేయడం. ఈ పెయింటు కాలుతున్న గచ్చు మీద వేయకూడదు. వేస్తే పైన వెంటనే పొర కట్టి ఆరిపోతుంది, కింద పట్టుకోదు, తర్వాత బుడగలొచ్చి ఊడుతుంది. అంటే మే నెలలో మనకి మిగిలేది తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు, సాయంత్రం ఐదున్నర తర్వాత చీకటి పడే దాకా. ఒక ఇంట్లో పాలు, టిఫిను, నీళ్ళ మోటారు, క్లాసుకి బయల్దేరడం, సాయంత్రం క్లాసు నుంచి వచ్చి వంట, అన్నీ సరిగ్గా ఆ గంటల్లోనే ఉంటాయి. ఏదో ఒకటి వదులుకోకుండా రోలర్ పట్టుకోవడం కుదరదు. సరే మనిషిని పెట్టుకుందామంటే, పెయింటర్లు తొమ్మిదింటికి వచ్చి ఒంటిగంట దాకా చేసి భోజనానికి పోతారు. అంటే పెయింటు ఏ టైంలో వేయకూడదో సరిగ్గా ఆ టైంలో వాళ్ళ డ్యూటీ. తెల్లవారుజామున రమ్మంటే ఒకతను "ఏందమ్మా, పాలవాడితో పాటు రమ్మంటా ఉండావే" అని నవ్వేశాడు. అందుకని గచ్చు కడగడానికి మాత్రం మనిషిని పెట్టుకున్నాం, పెయింటు మేమే వేశాం. మీకూ ఇదే చెప్తాను. కడగడం ఎప్పుడైనా చేయొచ్చు, కష్టమైన పనీ అదే, ఆ డబ్బులు ఇచ్చేయండి. వైర్ బ్రష్‌తో పాత నాచు, ఊడుతున్న సిమెంటు పొరలు అన్నీ గీకించాలి, నీళ్ళతో కడిగించాలి, పూర్తిగా ఆరాలి. పగుళ్ళలో క్రాక్ ఫిల్లర్ నింపి, పెద్ద పగులుంటే దాని మీద ఫైబర్ మెష్ పరిచి పెయింటు పూయాలి. ఈ పనిలో నిర్లక్ష్యం చేస్తే పైన ఎంత ఖరీదైన పెయింటు వేసినా దండగే.

వేయడం మాత్రం నిజంగానే తేలిక. మొదటి కోటు బకెట్ మీద చెప్పినంత నీళ్ళు కలిపి పల్చగా, తర్వాతది చిక్కగా, మొదటిది నిలువుగా లాగితే రెండోది అడ్డంగా. మధ్యలో నాలుగైదు గంటలు ఆరాలి. మా ఇంట్లో పొద్దున ఒక కోటు, సాయంత్రం ఇంకో కోటు అనుకున్నాం, కానీ ఆయన షిఫ్టు, నా బ్యాచ్ కలిసి ఏ రోజూ రెండూ కుదర్లేదు. మా అబ్బాయి పొడుగు కర్ర రోలర్‌తో మధ్యలో, అమ్మాయి బ్రష్‌తో పిట్టగోడ అంచుల్లో, నేను ఎక్కడ చెయ్యి ఖాళీగా ఉంటే అక్కడ. ఇద్దరూ మంచి నిద్రలో నుంచి లేచి మిద్దె ఎక్కేదాకా నన్ను తిట్టుకునే ఉంటారు, ఎక్కాక మాత్రం పోటీలు పడి లాగారు. పెయింటుకి వాసన పెద్దగా లేదు, నీళ్ళతో కడిగితే చేతులకి పోతుంది, అది మెచ్చుకోవాల్సిందే.

ఒక్క ఆదివారంలో కాకపోవడం వల్ల ఒక మంచి జరిగింది. అత్తయ్య వడియాలకి చోటు కావాలంది కాబట్టి మిద్దెని రెండుగా చేసి ముందు తూర్పు సగం వేశాం, పడమర సగంలో వడియాలు, మిరపకాయలు ఆరిందాకా ఆగాం. ఆ మధ్య రోజుల్లో మా ఇంటి మీద ఒక ప్రాక్టికల్ తయారైంది, పుస్తకంలో కూడా ఇంత బాగా ఉండదు. మిట్టమధ్యాహ్నం పిల్లలు చెప్పుల్లేకుండా తెల్ల సగంలో నిలబడి పందెం కట్టి అటు సగంలోకి అడుగు పెట్టడం, పెట్టిన పాదం పెట్టినట్టే వెనక్కి లాక్కోవడం. తెల్ల సగంలో పాదం వెచ్చగా ఉంటుంది అంతే, అటు సగంలో రెండు అంగలు కూడా వేయలేరు. కింద కూడా ఆ సగం కింద ఒక బెడ్‌రూమ్, ఈ సగం కింద ఇంకోటి. రెండిట్లో థర్మామీటర్లు తగిలించి రాత్రి పడుకునే ముందు చూస్తే మూడు డిగ్రీల తేడా వచ్చింది. ఆ వారం అందరూ తూర్పు గదిలోనే పడుకున్నారు, నేను చెప్పక్కర్లేకుండా. మూడు డిగ్రీలంటే ఇల్లు ఊటీ అయిపోదు, ఏసీ మానేయరు. రాత్రి ఏసీ వేసిన కాసేపటికే గది చల్లబడుతుంది, కరెంటు పోతే ఫ్యానుతో నెట్టుకురావచ్చు, అంతవరకే. "పది డిగ్రీలు తగ్గిస్తుంది" అని ఎవరన్నా చెప్తే అది గచ్చు పైన కొలిచిన వేడి, మీ మంచం దగ్గర కొలిచింది కాదు.

ఫిర్యాదులు చెప్తాను. పగలు మిద్దె ఎక్కితే కళ్ళు చిట్లించాల్సిందే, బట్టలు ఆరేయడానికి పోయినా నల్ల కళ్ళజోడు కావాలి. తడిస్తే కాస్త జారుతుంది, పెద్దవాళ్ళు జాగ్రత్త. బకెట్ మీద వివరాలన్నీ ఇంగ్లీషు, హిందీల్లో చీమల్లాంటి అక్షరాలతో ఉన్నాయి, నెల్లూరులో అమ్మే సరుకు మీద నాలుగు తెలుగు ముక్కలు వేస్తే ఏం పోయింది? ఎన్ని అడుగులకి వస్తుందని రాసిన లెక్క నున్నటి పలకకి, మన గరుకు గచ్చు చాలా తాగుతుంది, అందుకే షాపతను చెప్పిన దానికంటే ఎక్కువే పట్టింది. 20 లీటర్ల బకెట్లు రెండు, క్రాక్ ఫిల్లర్, రోలర్లు, కడిగిన మనిషి కూలి, అన్నీ కలిపి పద్నాలుగు వేల దాకా అయింది. షాపతను ఆటోలో ఇంటికి పంపాడు, అది మంచిదే, కానీ పెయింటు కింద ముందుగా పూసే ప్రైమర్ కూడా విడిగా కొనాలని గట్టిగా పట్టుబట్టాడు. మా బకెట్ మీద ప్రైమర్ బదులు మొదటి కోటే పల్చగా వేయమని ఉంది కాబట్టి కొనలేదు. మీరూ ముందు బకెట్ చదవండి, తర్వాత షాపతను చెప్పేది వినండి.

ఇంకో ఫిర్యాదు అత్తయ్యది. తెల్ల గచ్చు మీద వడియాలు ముందుకంటే ఆలస్యంగా ఎండుతున్నాయంది. ఫిజిక్స్ చెప్పేదాన్ని, కాదని ఎట్టా అనను? ఇదివరకు పైనుంచి ఎండ, కింద నుంచి కాలిన గచ్చు, రెండు వైపులా ఎండేవి, ఇప్పుడు ఒక వైపే. అందుకని పడమర సగం వేసేటప్పుడు నీళ్ళ ట్యాంకు పక్కన ఒక అంకణం పెయింటు లేకుండా వదిలేశాం. అది అత్తయ్య జాగా. దాని కింద స్టోర్ రూమ్ కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి పనులుంటే ముందే చోటు చూసుకోండి, మొత్తం వేసేశాక గొడవలు పడొద్దు.

వాన సంగతికి వస్తే, హైదరాబాద్ వాళ్ళు జూన్, జూలై వానలు చూసి వాటర్‌ప్రూఫ్ అని రాసేస్తారు. మనకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆగకుండా కురుస్తుంది, అది దాటితే గానీ ఏమీ చెప్పలేం. మాకు హాల్లో ఫ్యాను కొక్కెం దగ్గర ప్రతి ఏడూ చెమ్మ వచ్చేది, మొన్న నవంబర్‌లో రాలేదు. కానీ వాన నీళ్ళు పోయే పైపు మూల దగ్గర, నీళ్ళు నిలబడే చోట, అరచేయంత మేర పెయింటు పొర లేచింది. నీళ్ళు నిలబడే చోట ఏ పెయింటూ ఆగదు, ముందు వాలు సరిచేయించాలి, అది మేస్త్రీ పని, పెయింటు పని కాదు.

ఏడాదికి తెలుపు తగ్గింది. దుమ్ము, కాకి రెట్టలు, కొబ్బరి మట్టల మరకలు కలిసి బూడిద రంగులోకి దిగింది, తెలుపు తగ్గితే ఎండని తిప్పి కొట్టడమూ తగ్గుతుంది. మార్చిలో మామూలు సబ్బు నీళ్ళు, కొబ్బరి చీపురుతో కడిగితే చాలా వరకు వచ్చేసింది. ఇది ఏటా చేయాలి, బకెట్ మీద ఎక్కడా చెప్పరు. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది "ఒక్క ఆదివారం" అన్నందుకు.

నాలాగా గంటల లెక్కన పాఠాలు చెప్పేవాళ్ళు, ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఎవరైనా వేయాలనుకుంటే మే దాకా ఆగకండి. మార్చిలో ఇంటర్ పరీక్షలు జరిగేటప్పుడు క్లాసులు తక్కువ, పొద్దున ఎనిమిది దాకా గచ్చు చల్లగానే ఉంటుంది, వడియాలు ఇంకా మొదలు కావు, చుట్టాలు రారు. రెండు కోట్లు వేసి ఒక రోజు వాన పడకుండా ఉంటే చాలు, ఆ నెలలో మనకి వాన భయం ఎటూ లేదు.

రేకుల ఇళ్ళవాళ్ళు అడిగారు కాబట్టి ఇదొక్కటి. అక్కడ దీని ఫలితం మాకంటే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే రేకు పల్చన, ఎండ వేడి వెంటనే కిందికి దిగుతుంది. మా పెయింటు కొంచెం మిగిలితే వెనక బాత్రూం సిమెంటు రేకులకి వేశాం, మధ్యాహ్నం స్నానానికి పోతే తేడా తెలుస్తోంది. కానీ సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టి నడవొద్దు, పాత రేకైతే పుటుక్కున విరుగుతుంది. నిచ్చెన మీద నుంచి పొడుగు కర్ర రోలర్‌తో అందినంత వరకు వేయండి. ఎక్కక తప్పకపోతే దూలాల మీదుగా చెక్క పలక వేసుకుని, కింద ఒక మనిషిని నిలబెట్టుకునే ఎక్కండి.