మిషనరీల కోసం చేసిన నల్లబూట్లు: రెండేళ్ల వాడకం తరువాత

ఈ సమీక్ష ఒక జత నల్లతోలు బూట్ల గురించి. మిషనరీ సేవకు వెళ్లేవారి కోసమే ప్రత్యేకంగా తయారుచేశామనీ, రెండేళ్లలోపు సోలు అరిగిపోతే కొత్త జత ఇస్తామనీ రాసిన ప్రకటన చూసి వాటిని కొన్నాను. మొదటి తొమ్మిది నెలలు ప్రతిరోజూ, ఆ తరువాత సేవ ముగిసేవరకు రోజు విడిచి రోజు వేసుకున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: సోలు మాట నిలబెట్టుకుంది, పై తోలు తొమ్మిదో నెలలో పగిలింది, పగలడానికి కారణం మాత్రం నడక కాదు. తయారీదారు పేరు రాయడం లేదు. ఇదే తీరులో, ఇదే హామీతో అమ్ముడయ్యే బూట్లు ఇంకా ఉన్నాయి కనుక, ఏం చూసి కొనాలన్నదే చదివేవారికి పనికొస్తుంది.

ఇలాంటి సరుకు బజారులో ఎందుకుందో తెలియనివారికి కొంత చెప్పాలి. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు ఇల్లు విడిచి సువార్త సేవకు వెళ్తారు. (బయట అందరూ మమ్మల్ని మోర్మన్లనే పిలుస్తారు. ఆ పేరు వదిలి సంఘం పూర్తి పేరు వాడమని అప్పటి సంఘ అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ 2018లో కోరారు. మేమూ పూర్తి పేరుతోనే మొదలుపెడతాం. తలుపు తీసిన మనిషి ముఖం అయోమయంగా మారితే మళ్లీ ఆ పాతమాటే ఆదుకుంటుంది.) 2012లో కనీస వయసును యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గించారు. దాంతో బడి చదువు ముగిసీ ముగియగానే బయలుదేరేవారు పెరిగారు. ఏ దేశం వెళ్లాలో మనం కోరుకునేది కాదు. ఉత్తరం వస్తుంది, అందులో ఏ ప్రాంతం, ఏ భాష, ఏ తేదీ అన్నవి ఉంటాయి, తెచ్చుకోవలసిన బట్టల జాబితా కూడా వస్తుంది. జీతమంటూ ఉండదు, ఖర్చుకు మనమూ మన కుటుంబమూ డబ్బు కట్టాలి. సంఘ ప్రధాన కార్యాలయం అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది, పెద్ద శిక్షణ కేంద్రం అదే యూటా రాష్ట్రంలోని ప్రోవోలో ఉంది కనుక, ఈ జాబితా పట్టుకొని వచ్చేవారిని నమ్ముకున్న దుకాణాలు అక్కడ వెలిశాయి. ఒక కోటుకు రెండు ప్యాంట్లు జతచేసి అమ్మే సూట్లు ఆ దుకాణాల ప్రత్యేకత. కోటు అంత త్వరగా అరగదు, ప్యాంటు అరుగుతుంది. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపుతూ రెండంగీలు వద్దన్నాడని మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది కానీ, రెండు ప్యాంట్ల సంగతి అందులో లేదు. చెప్పులకు మాత్రం అక్కడే అనుమతి ఉంది, కాబట్టి బూట్ల దగ్గరికి వద్దాం.

పెట్టె విప్పగానే ముందు తెలిసేది బరువు. కొన గుండ్రంగా ఉంటుంది, లేసులకు ఐదు జతల కన్నాలు, లోపల ఊడదీసి ఆరబెట్టుకోగల మెత్తటి అట్ట. సోలు నల్ల రబ్బరుది. అతికించి వదిలేయకుండా చుట్టూ కుట్టు వేశారు. తేలికపాటి బూట్లలో తరచు పాలీయురెథేన్ సోలు ఉంటుంది. కాలికి అది మెత్తగానే ఉంటుంది కానీ, దానిలో చాలా రకాలకు తేమ పడదు, కొన్నేళ్లకు బిస్కట్టులా పొడిపొడిగా రాలుతుంది. అందుకే నేను రబ్బరు చూసి ఎంచుకున్నాను, ఆ ఎంపిక తప్పు కాలేదు. పై తోలు అద్దంలా మెరిసింది. ఆ మెరుపుకు మురిసిపోయాను. మోసపోయింది సరిగ్గా అక్కడే.

నేను సేవ చేసిన ఊరి పేరుతో ఇక్కడ పనిలేదు. వానలు ఎక్కువ, వీధులన్నీ ఏటవాలు అనుకుంటే చాలు. ఉదయం ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, ఫలహారం, ఒంటరిగా గ్రంథపఠనం, సహచరుడితో కలిసి మరికొంత చదువు, కొత్త భాష నేర్చుకునేవారికి భాషాభ్యాసం, ఇవన్నీ అయ్యేసరికి పది దాటుతుంది. అప్పుడు బయటికి వెళ్తే మధ్యాహ్న భోజనం వేళ తప్ప రాత్రి తొమ్మిది దాకా వీధుల్లోనే. పదిన్నరకు దీపాలార్పేయాలి. 2017 నుంచి ఈ పట్టికను స్థానిక పరిస్థితులను బట్టి సర్దుకునే వెసులుబాటు వచ్చినా, మాకు లేచే వేళ ఏనాడూ వెనక్కి జరగలేదు. సహచరుణ్ణి వదిలి ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు. ఆ సహచరుణ్ణి కూడా మనం ఎంచుకోం, ఆరు వారాలకోసారి వచ్చే బదిలీల్లో అతనో మనమో కదలవచ్చు. మొదటి పేరు వాడుకలో ఉండదు. నల్లటి పేరుపలక మీద ఎల్డర్ (మిషనరీ యువకులను పిలిచే మాట) అని, ఇంటిపేరు, కింద సంఘం పేరు, అంతే. నా నాలుగో సహచరుడి అసలు పేరు మూడో వారంలో, అతని ఇంటి నుంచి వచ్చిన పార్సిల్ మీద చూసి తెలుసుకున్నాను. బూట్లకు ఈ దినచర్య అంతా పది గంటల చాకిరీ. అందులో నడక ఒక భాగమే. గుమ్మాల ముందు నిలబడి, లోపల అడుగుల చప్పుడు వినిపిస్తున్నా తెరుచుకోని తలుపు వైపు చూస్తూ గడిపిన సమయం కూడా చాలానే ఉంటుంది.

సోలు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. తడి రాతిమెట్ల మీద రెండుసార్లు జారాను, రెండుసార్లూ పడలేదు. కుడి మడమ బయటి అంచు ఎడమదానికన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ అరిగింది. సైకిలు దిగేటప్పుడు కుడికాలు నేలకు ఈడ్చి ఆపడం నా దురలవాటు, ఆ తప్పు బూటుది కాదు. తొమ్మిది నెలల తరువాత రోజు విడిచి రోజు వాడాను కనుక, రెండేళ్లు నిలిచిందన్న నా మాటలో కొంత తగ్గించి చదువుకోవాలి. అయినా, మొదటి మిషనరీ పరిస్థితితో పోలిస్తే మాది రాజభోగం. సంఘం ఏర్పడిన 1830లోనే, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ తమ్ముడు సామ్యూల్, కొత్తగా అచ్చయిన మా పవిత్ర గ్రంథం, మోర్మన్ గ్రంథం ప్రతులు అమ్మడానికి సంచిలో వేసుకొని కాలినడకన బయలుదేరాడు. తొలిరోజు 25 మైళ్లు నడిచాడనీ, సత్రం యజమాని పొమ్మంటే ఆ రాత్రి ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడనీ వాళ్లమ్మ లూసీ చెప్పింది. అతని కాళ్లకు ఏమున్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. శిక్షణలో ఈ కథ విన్నప్పుడు అందరూ పుస్తకాలు అమ్ముడు కాలేదని బాధపడ్డారు, నాకు మాత్రం ఆ కాళ్ల మీదే ధ్యాస ఉండిపోయింది.

ఇక పగుళ్ల సంగతి. బూటు తొడుక్కున్నాక, తలుపు తీసేముందు, మేమిద్దరం మోకరించి ప్రార్థించేవాళ్లం. మధ్యాహ్నం మళ్లీ బయలుదేరేముందు ఇంకోసారి. ఎవరింట్లోనైనా పాఠం చెప్పాక, వాళ్లు ఒప్పుకుంటే అక్కడా మోకరించేవాళ్లం. మోకరించినప్పుడు బూటు వంగినంతగా నడకలో ఎన్నడూ వంగదు. మునివేళ్లు నేలకు ఆనించి కూర్చుంటే కాలివేళ్ల మొదట్లో మడత దాదాపు నిలువుగా పడుతుంది, శరీరం బరువు ఆ మడత మీదికి వస్తుంది. పాదం చాపి కూర్చుంటే బూటు కొన నేలకు రాసుకుంటుంది. మొదటి మూడు నెలల్లో నాకు ఆ దేశభాషలో వచ్చిన మాటలు చాలా కొద్ది. ఇద్దరూ కలిసి చేసే ప్రార్థన ఆ భాషలోనే చేయాలన్నది మా నియమం కనుక, నా వంతు వచ్చినప్పుడు కృతజ్ఞతలు, సహాయం, ఆమెన్, ఈ మూడింటితో ముగిసిపోయేది. సహచరుడికి భాష బాగా వచ్చు. అతను నిన్న కలిసిన ప్రతి మనిషినీ పేరుపేరునా తలచుకునేవాడు, మేడ మీది ముసలాయన దగ్గునూ, మాకు తలుపు వేసిన ఇంటి పిల్లల పరీక్షలనూ వదిలేవాడు కాదు. అతని వంతు రోజున నా బూట్లు చాలాసేపు వంగి ఉండేవి.

అద్దంలా మెరిసే తోలుకు ఆ మెరుపు తోలు వల్ల వచ్చింది కాదు. మచ్చలున్న తోలు పై పొరను రాపిడి చేసి, దాని మీద రంగు కలిపిన ప్లాస్టిక్ లాంటి పూత పూస్తారు. తుడిస్తే చాలు, పాలిష్ అక్కరలేదు. కానీ పూత తోలంత సాగదు. ఒకే చోట మళ్లీ మళ్లీ మడిస్తే ముందు సన్నటి గీతలు పడతాయి, గీతల్లోంచి నీళ్లు దిగి కింది తోలు గట్టిపడుతుంది, ఆ తరువాత అక్కడే చీలుతుంది. నా ఎడమ బూటుకు చిటికెనవేలి పక్కన మొదలైన గీత ఒక నెలలో అంగుళం పొడవు పగులైంది. కుడిదానికి కొన మీద పూత లేచి, గోరుతో గీకితే పొలుసులా ఊడొచ్చింది. కొన్న పూట నేను ఈ పరీక్ష చేసి ఉండవలసింది: బూటును చేత్తో బాగా వంచి, మడత దగ్గర తోలు సన్నగా ముడతపడుతోందా, రెక్సిన్‌లా గట్టిగా లేస్తోందా అన్నది చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

పగులు సంగతి నాకు తెలిసింది వాన రోజున. ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలి సామాను మేడ మీదికి మోసిపెట్టడానికి వెళ్లాం. మతం మాటలు వద్దని ఆమె మొదటిరోజే చెప్పింది, మేము ఆ మాట మీద ఉన్నాం. గుమ్మంలో బూట్లు విడిచి లోపలికి నడిస్తే, నా ఎడమ మేజోడు ముద్ర నేల మీద అడుగడుగునా తడిగా పడింది. ఆమె ఆ ముద్రలు చూసింది, నా బూటు చేతిలోకి తీసుకొని పగులులో వేలు పెట్టి చూసింది, ఏమీ అనలేదు. మేము పని ముగించి వచ్చేసరికి రెండు బూట్లలోనూ పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి కూరి, గోడకు వాలుగా నిలబెట్టి ఉంచింది. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుందని నాకు పాఠం చెప్పి, గంటకోసారి కాగితం మార్చమంది. ఆ ఏడాది నేను ఎంతమందికి పాఠాలు చెప్పానో లెక్క రాసుకునేవాణ్ణి. నేను నేర్చుకున్నవాటికి ఆ పుస్తకంలో గడి లేదు.

సోమవారం మాకు బట్టలు ఉతుక్కునే, సరుకులు తెచ్చుకునే, ఇంటికి ఉత్తరాలు రాసుకునే రోజు. 2019 ఫిబ్రవరికి ముందు మిషనరీలు ఇంటివాళ్లతో మాట్లాడేది ఏడాదికి రెండుసార్లే, ఆ తరువాత వారంవారం మాట్లాడే అనుమతి వచ్చింది. నాన్న ప్రతివారం నా విశ్వాసం ఎలా ఉందని అడిగేవారు, అమ్మ కాళ్లు చూపించమనేది. ఆ సోమవారం అమ్మకు చూపించిన ఫోటోలే దుకాణానికీ పంపాను. ఐదు రోజులకు మర్యాదగానే జవాబు వచ్చింది: సోలు బాగానే ఉంది, పై తోలు మామూలు వాడకంలో అరిగింది, గ్యారంటీ సోలుకే పరిమితం. కాగితం తిరగేసి చూస్తే వాళ్లన్నది నిజమే, వెనుక చిన్న అక్షరాల్లో ఉంది. కోపం రాలేదంటే అబద్ధం. నాకు అభ్యంతరం గ్యారంటీ గురించి కూడా కాదు. మిషనరీల కోసమని పేరు పెట్టి చేసినవారు మిషనరీ నడుస్తాడని ఊహించారు, మోకరిస్తాడని ఊహించలేదు. రెండోది ఊహించి ఉంటే ఆ పూత తోలు వాడేవారే కాదు.

తరువాత కొన్న రెండో జత వేరే రకం, పూత లేని నిండు తోలు. మెరవదు, వారానికోసారి పాలిష్ వేయాలి, సోలు మొదటి జతకన్నా మెత్తన కనుక పద్నాలుగో నెలలో మడమలు మార్పించుకోవలసి వచ్చింది. వేళ్ల మడత దగ్గర మాత్రం ముడతలు పడ్డాయే కానీ చీలలేదు. నిజానికి రెండు జతలు మార్చి మార్చి వేసుకోవడమే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. తడిసిన తోలు ఆరడానికి ఒక రాత్రి చాలదు, పూర్తిగా ఒకరోజు కావాలి. ఒకే జతకు డబ్బుంటే పూత లేని తోలు, కుట్టిన రబ్బరు సోలు, మందపాటి మేజోళ్లకు సరిపడా అర సైజు ఎక్కువ, ఈ మూడూ చూడండి. ఎక్కువగా కారులో తిరిగే పొడి ప్రాంతానికి పిలుపు వచ్చినవారికి నేను సమీక్షించిన ఈ జత కూడా సరిపోతుంది. ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను, మూడూ సోలువే.

తిరిగివచ్చేటప్పుడు మెరిసే జతను పారేశాను. రెండో జతను మేముండే గదిలోని బీరువాలో వదిలాను. వెళ్లిపోయేవాళ్లు వదిలిన కోట్లు, టైలు, గొడుగులు అక్కడ పోగుపడి ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్లు కావలసింది తీసుకుంటారు. పాతవి మూడు చోట్ల ముడివేసి ఉండేవి కనుక, లేసులు మాత్రం కొత్తవి ఎక్కించి పెట్టాను.