రస్ట్‌లో ఒక తలుపు ఖరీదెంత: ఏళ్లుగా ఆడుతున్నవాడి సమీక్ష

రస్ట్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆటలో మీరు ఆట ఆపేసినంత మాత్రాన మీ మనిషి మాయమైపోడు. ఎక్కడ ఆపారో అక్కడే పడుకుని ఉంటాడు. ఒంటి మీద ఉన్నవన్నీ అలాగే ఉంటాయి. దారిన పోయేవాడెవడైనా చంపి పట్టుకుపోవచ్చు. ఈ ఒక్క నియమం మీకు నచ్చితే ఆట నచ్చుతుంది. నచ్చకపోతే ఎన్ని అప్‌డేట్లు వచ్చినా నచ్చదు. మాది విజయనగరం. గట్టిగా గాలీవానా వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ఈ నియమం మాకు తొందరగానే ఒంటబట్టింది. మబ్బు పట్టిందంటే ఆటలో బయట తిరగడం మానేసి బేస్‌లోకి, అంటే మేం కట్టుకున్న ఇంట్లోకి వచ్చేస్తాం. వైఫై మోడెమ్‌కి ఇన్వర్టర్ లైను లాగించింది కూడా ఈ ఆట కోసమే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫేస్‌పంచ్ స్టూడియోస్ 2013 డిసెంబరులో దీన్ని ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడుకోనిచ్చేలా వదిలి, 2018 ఫిబ్రవరిలో పూర్తి ఆటగా విడుదల చేసింది. చేతిలో ఒక రాయి, ఒక కాగడాతో సముద్రపు ఒడ్డున లేస్తారు. అక్కణ్ణుంచి చెట్లు కొట్టి, ఇల్లు కట్టి, తుపాకులు తయారుచేసుకుని మిగతా ఆటగాళ్ల మధ్య నెగ్గుకురావాలి. నెలలో మొదటి గురువారం వైప్. మ్యాపు మారిపోతుంది, కట్టిందంతా పోతుంది, కొమ్ములు తిరిగినవాడికీ నిన్న వచ్చినవాడికీ మళ్లీ అదే రాయి, అదే కాగడా. మన టైములో చూస్తే వేసవిలో రాత్రి 11:30కి, చలికాలంలో 12:30కి పడుతుంది. శుక్రవారం ఆఫీసు ఉన్నవాళ్లకి ఆ రాత్రి పరీక్షే.

మేం ముగ్గురం ఆడతాం: నేను, మా తమ్ముడు, పలాసలో ఉండే మా పిన్ని వాళ్లబ్బాయి. మొహం, రంగు, ఆడా మగా అన్నది స్టీమ్ (ఆటలు కొనుక్కునే ఆన్‌లైన్ దుకాణం) అకౌంటును బట్టి ఆటే తేల్చేస్తుంది, మన ఇష్టం కాదు. మా తమ్ముడికి ఆడ రూపం వచ్చింది. ఇన్నేళ్లుగా అదే. ఇది నాకు బాగా నచ్చిన విషయం.

ఇక అందరూ తిట్టేది ఆఫ్‌లైన్ రెయిడ్‌ని, అంటే మనం లేనప్పుడు వచ్చి ఇల్లు దోచుకోవడాన్ని. ఒక ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముగ్గురం మూడు లాంతర్ల దగ్గర జనంలో ఉండగా ఫోన్లో రస్ట్ ప్లస్ యాప్ (బేస్ మీద దాడి జరిగితే కబురు పంపేది) అలారం మోగింది. ఆ జనంలోంచి కదలడానికే లేదు. ఇంటికొచ్చి ఆట తెరిచి చూస్తే బేస్‌లో వరసగా నాలుగు గ్యారేజీ తలుపులు ఎగిరిపోయి ఉన్నాయి, టీసీ (టూల్ కప్‌బోర్డ్, బేస్ ఎవరి అధీనంలో ఉందో తేల్చే బీరువా) వాళ్ల చేతిలోకి పోయింది. పెట్టెల్లో కాస్త గుడ్డ, ఎముకలు వదిలేశారు.

కానీ లెక్క చూడండి. గ్యారేజీ తలుపు పగలాలంటే మూడు రాకెట్లు కావాలి. ఒక్కో రాకెట్ తయారీకి 1400 సల్ఫర్ (గంధకం). నాలుగు తలుపులకి 16,800. అదంతా ఎవరో గంటల తరబడి కొండల మీద తవ్వి, కొలిమిలో కరిగించి, పొడి కొట్టి తెచ్చింది. మా సల్ఫర్‌లో ఎక్కువ భాగం అక్కడ లేదు, నది పక్కన కట్టిన చిన్న రాతిగదిలో ఉంది. రెయిడ్ చేసినవాళ్లకి పెట్టిన ఖర్చు కూడా వచ్చుండదు. అదే రాత్రి మళ్లీ ఆడుకున్నాం.

అందుకే ఆఫ్‌లైన్ రెయిడ్ పిరికితనం అనే మాటని నేను ఒప్పుకోను. లోపల మనుషులు మెలకువగా ఉంటే పగిలిన చోటల్లా కొత్త గోడ లేస్తుంది, తెచ్చిన రాకెట్లు చాలవు. తక్కువ ఖర్చులో పని అవ్వాలంటే ఎవరైనా మనం పడుకునేదాకా ఆగుతారు. ఈ ఆటలో ఇంటికి కాపలా తుపాకీ కాదు, ఎదుటివాడు వేసుకునే లెక్క. మన ఇల్లు పగలగొట్టడం దండగ అనిపించేలా కట్టుకోవాలి. సామాను ఒకేచోట పోగెయ్యకండి. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఎయిర్‌లాక్, అంటే ఒకటి మూశాకే రెండోది తెరిచే చిన్న గది, తప్పనిసరి.

ఎవడూ పగలగొట్టకపోయినా ఇల్లు పోతుంది, అదీ తెలుసుకోవాలి. టీసీలో చెక్క, రాయి నింపుతూ ఉండాలి, అయిపోతే గోడలు వాటంతటవే శిథిలమవుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాసలో రోజుల తరబడి కరెంటు లేదు. మావాడి బేస్ అలాగే కూలిపోయింది. జీడితోటలు నేలమట్టమైన రోజులవి, ఆట సంగతి ఎవరికి పట్టింది!

2022 జూన్‌లో తుపాకుల రికాయిల్ (పేల్చినప్పుడు తుపాకీ ఎగదన్నే తీరు) మార్చాక ఆట చచ్చిపోయిందని పాత ఆటగాళ్లు కొందరు ఇప్పటికీ అంటారు. ఏకే పేల్చడం చేతికి అలవాటు చేసుకోవడానికి వాళ్లు పడ్డ కష్టం నిజమే. అయినా నాకు ఆ మార్పు మంచిదే అనిపించింది. ఉద్యోగం చేసుకునేవాడికి రోజూ ప్రాక్టీసు సర్వర్లో కూర్చునే తీరిక ఎక్కడుంది?

పెద్ద గుంపుల మీద ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. పదిహేనుమంది కలిసొస్తే ముగ్గురు ఏం చేస్తారు? మేం టీమ్‌కి ముగ్గురే అన్న పరిమితి ఉన్న సర్వర్లలోనే ఆడతాం. ఇద్దరు ముగ్గురుగా ఆడేవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా అదే.

ఇన్నేళ్లూ నన్ను పట్టి ఉంచింది గొంతు. దగ్గర్లో ఉన్నవాడి మాట మైకులో వినిపిస్తుంది, దూరం జరిగితే తగ్గిపోతుంది. సింగపూర్ సర్వర్లో ఒక రాత్రి మేం తలుపు వెనక నక్కి ఉంటే, బయట ఇద్దరు మా గోడని ఎలా పగలగొట్టాలో తెలుగులో మాట్లాడుకుంటున్నారు. మా తమ్ముడు ఉండబట్టలేక "ఏటి గురూ, మీదే ఊరు?" అన్నాడు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత "టెక్కలి" అన్నారు. ఆ వైప్ అంతా వాళ్లు మాకు గుడ్డ ఇచ్చారు, మేం వాళ్లకి సల్ఫర్ ఇచ్చాం. ఎవరి తలుపులు వాళ్లు వేసుకునే ఉంచాం, అది వేరే సంగతి.

అదే మైకులో బూతులు కూడా వస్తాయి, అన్ని భాషల్లోనూ. మా మేనల్లుడు హైస్కూల్లో ఉన్నాడు, ఆడతానంటే ఇంకా వద్దన్నాను. పెద్దవాళ్లయినా సెట్టింగ్స్‌లో వాయిస్ ఆపుకోవచ్చు, నగ్నత్వం కనపడకుండానూ పెట్టుకోవచ్చు. కంప్యూటర్లో 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ లేకపోతే మాత్రం ఇప్పుడే కొనకండి. మ్యాపు లోడయ్యేలోపు ఒడ్డున మిమ్మల్ని ఎవడో ఒకడు కొట్టేస్తాడు.